కాలు ఆనే మెట్టు

ప్రోతరాపూర్ వీధుల్లో చేపలమ్మి, ఖాళీ తట్ట చంకన పెట్టుకుని గవరమ్మ ఇంటికొచ్చేసరికి, ఆమె భర్త పోలిరాజు వాకిట్లో రెండు సిమెంటు ఇటుకల మీద ఒక అల్యూమినియం గొట్టాన్ని అడ్డంగా పెట్టి, గోడ పట్టుకుని దాని మీద నిలబడి ఉన్నాడు. గొట్టం కాసేపు ఓర్చుకుంది. తర్వాత నడుమ దగ్గర నెమ్మదిగా కుంగింది. అతను దిగి, వంగి చూసి, దాన్ని తీసుకెళ్ళి గోడవారన పడేశాడు. అక్కడ అప్పటికే ఒక గుట్ట ఉంది: ఎవరో పారేసిన కర్టెన్ రాడ్డు, పాత టీవీ యాంటెన్నా, మడత కుర్చీ కాలు, ముసలివాళ్ళు పట్టుకుని నడిచే స్టాండు తాలూకు ముక్క. అన్నీ వంగినవే.

ఆమె తట్ట దించి, కాళ్ళు కడుక్కుని, అతని పక్కనుంచే లోపలికి వెళ్ళిపోయింది. ఏం చేస్తున్నావని అడగలేదు. ఏం చేస్తున్నాడో ఆమెకు తెలుసు.

జోగులు గవరమ్మ తమ్ముడు. తల్లీ తండ్రీ ఒకే ఏడు పోతే, శ్రీకాకుళం దగ్గరి వాళ్ళ పల్లె నుంచి ఓడెక్కించి, తన కొంగు పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే పోర్ట్ బ్లెయిర్ తెచ్చుకుంది. కొత్తగా పెళ్ళైన పోలిరాజు ఒక్క మాట అనలేదు. బామ్మర్దికి వల వెయ్యడం, ఇంజిన్ విప్పడం, మబ్బు చూసి గాలి చెప్పడం అన్నీ తనే నేర్పాడు. ఇద్దరూ ఒకే డోంగీ మీద, ఇంజిన్ బిగించిన చిన్న ఫైబరు బోటు మీద, వేటకెళ్ళేవారు. మధ్యలో ఒక సీజను జోగులు అలిగి, టూరిస్టులను సముద్రంలోకి దించే బోటు మీద పనికెళ్ళాడు. తిరిగొచ్చాక ఆ బోటు పక్కన తగిలించే నిచ్చెన గురించి అదే పనిగా చెప్పేవాడు.

"మనకీ ఒకటుండాల బావా. తెల్లగా, తేలిగ్గా ఉంటాది. కొక్కేలతో ఇలా తగిలించీడమే."

"ఈత రానోళ్ళకిరా నిచ్చెన. మనకెందుకు?" అని పోలిరాజు నవ్వేవాడు. గవరమ్మ కూడా నవ్వింది, అన్నం వడ్డిస్తూ.

వానలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం లంగరు తాడు ఇంజిన్ ఫ్యానుకు చుట్టుకుంది. తీద్దామని జోగులు వెనకవైపు వంగాడు. ఒక కెరటం బోటును లేపి కొట్టింది. నీళ్ళలో పడ్డవాణ్ణి, పైకి లేచేలోపు బోటు ఒళ్ళు మళ్ళీ భుజం మీద కొట్టింది. ఆ చెయ్యి పనికిరాకుండా పోయింది. రెండో చేతిని పోలిరాజు పట్టుకున్నాడు. పట్టుకున్నాడు గాని పైకి లాగలేకపోయాడు. ఒడ్డుకొచ్చి అతను చెప్పింది అంతే. "సెయ్యి జారిపోయింది" అన్నాడు. పోలీసులకూ అదే చెప్పాడు, భార్యకూ అదే చెప్పాడు. శవం చిడియాటాపు వైపు రాళ్ళలో దొరికింది. మొహం చూడొద్దని ఆసుపత్రివాళ్ళు గవరమ్మను బయటే ఆపేశారు.

చూడకపోవడం వల్లనో ఏమో, ఆమె మనసులో ఆ చావు ముగియలేదు. ఇరవై ఏళ్ళుగా బస్తా ఐసు ఒంటిచేత్తో ఎత్తి బోటులో పడేసే మనిషి, ఎముకలు లెక్కపెట్టేలా ఉండే కుర్రాణ్ణి లాగలేకపోయాడా? దానికితోడు చేపల బజారులో ఆమె పక్కన కూర్చునే అప్పలకొండ ఒకరోజు కత్తిపీట మీద సూర చేప తల నరుకుతూ, ఎవరితోనో అంటున్నట్టే అంది: "బావా బామ్మర్దులు ఆ ముందు రోజే జెట్టీ మీద కొట్టుకున్నంత పని సేసినారంట కాదేటి. మల్లీ టూరిస్టు బోటుకెల్లిపోతానన్నాడంట గుంటడు."

అది నిజమే. కాని కొట్టుకోలేదు, అరుచుకున్నారు. గవరమ్మకు తెలుసు. తెలిసినా, ఆ మాట చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది. మింగుడు పడదు, బయటికి రాదు.

భర్తను అడగలేదు. వడ్డించేది, బట్టలుతికేది, మాట మాత్రం మానేసింది. అతనూ బతిమాలలేదు. వేటకు వెళ్ళడం మానేసి గొట్టాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు. డోంగీ జెట్టీ దగ్గర ఖాళీగా ఊగుతుండేది. గవరమ్మ వేరే బోట్లవాళ్ళ దగ్గర చేప కొనుక్కుని అమ్మి ఇల్లు నడిపేది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర కూర్చుని అతనే అన్నాడు. "ప్రోతరాపూర్‌లో మణికుమార్ షాపుంది గదా, కిటికీలవీ సేస్తాడు. రేపు ఎల్తాను. నువ్వూ రావాల."

"నానెందుకు?"

"నాకు మాటలు రావట్లేదు" అన్నాడు పోలిరాజు.

మరునాడు ఇద్దరూ ఒకే బస్సులో, వేరువేరు సీట్లలో వెళ్ళారు.

మణికుమార్ ఈ దీవుల్లోనే పుట్టి పెరిగిన మనిషి. తెలుగు మాట్లాడతాడు గాని సగం హిందీలో పడిపోతుంటుంది. షాపు ముందు గోడకు ఆనించి నిలబెట్టిన గొట్టాలు వానకు తడిసి మెరుస్తున్నాయి.

"బోలియే భయ్యా. కిటికీకా, పార్టిషన్‌కా?"

"నిచ్చెనకి" అన్నాడు పోలిరాజు. "బోటుకి తగిలించేది. నీటిలోంచి మనిషి పైకెక్కాల."

"మనిషి ఎంత బరువుంటాడు?"

పోలిరాజు కాసేపు ఆలోచించాడు. "తడిసిన మనిషి" అన్నాడు. "ఒక సెయ్యే పనిసేసే మనిషి."

మణికుమార్ చేతిలోని టేపు పక్కన పెట్టాడు. జెట్టీ కబుర్లు అతనిదాకా కూడా వచ్చి ఉంటాయి. ఇంకేమీ అడక్కుండా లోపలికి వెళ్ళి రెండు ముక్కలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండూ ఒకే లావు. ఒకటి ఎత్తితే దూదిలా లేచింది. రెండోది చేతికి బరువు తగిలింది.

"అంచు చూడండి భయ్యా. లావు ఉంటే సరిపోదు. గొట్టం గోడ మందంగా ఉండాలి. ఈ పల్చది చూడ్డానికి బాగుంటుంది, కిటికీకి పక్కా. నిచ్చెనకి పెడితే, వంగుతున్నట్టు కూడా చెప్పదు. ఒక్కసారే మడతపడిపోతుంది." పట్టుకారుతో పల్చని ముక్క చివర నొక్కాడు. అది తొక్కేసిన బీడీలా నలిగి చదునైంది. "ఇంకోటి. మనిషి నిలబడిన బరువు వేరు, కెరటానికి బోటు లేచినప్పుడు మెట్టు మీద పడే దెబ్బ వేరు. రెండింతలు అనుకోండి."

"అయితే ఈ మందందే ఇయ్యి."

"అదే గడ్‌బడ్. ఇది శాంపిల్ ముక్క, ఇంతే ఉంది. సరుకు చెన్నై నుంచి రావాలి. ఈ వానల్లో షిప్పు ఎప్పుడొస్తుందో ఎవరికి తెలుసు?"

"ఆగుతాను" అన్నాడు పోలిరాజు.

ఆ మాటకు గవరమ్మకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళు వేట లేదు. ఈ మనిషి గొట్టాల గుట్ట పక్కన కూర్చుని ఇంకా ఆగుతాడట. ఇంత జాగ్రత్త, ఇంత ఓపిక, ఎవరికోసం?

"ఎక్కవలసినోడు ఎల్లిపోనాడు" అంది. "ఇంకెవుడెక్కుతాడని ఆగడం? ఈ పల్చదే సేసి ఇచ్చీ తమ్ముడూ. ఆ బోటు కదిల్తే సాలు."

"దీదీ, నా మాట విని..."

"సేసి ఇచ్చీ."

మణికుమార్ పోలిరాజు వైపు చూశాడు. పోలిరాజు తన భార్య వైపు చూశాడు. జోగులు పోయాక ఆమె అతనికి ఎదురుగా అన్న పెద్ద మాట అదే. "సరే" అన్నాడు అతను. "అదే సెయ్యండి."

నిచ్చెన అందంగానే తయారైంది. తెల్లగా, తేలిగ్గా, పైన రెండు కొక్కేలతో. పోలిరాజు దాన్ని భుజాన వేసుకుని జెట్టీకి తెచ్చాడు. గవరమ్మ వెనకే వచ్చి తనూ బోటెక్కింది. పొద్దున్నపూట, వాన తెరిపి ఇచ్చింది. నీళ్ళు కదలకుండా, పడేసిన చాపలా ఉన్నాయి. పక్క డోంగీలో పైడిబాబు వల బాగుచేసుకుంటున్నాడు. పోలిరాజు బోటును జెట్టీ నుంచి కాస్త దూరం తోసి, లంగరు వేసి, నిచ్చెన పక్కకు తగిలించాడు. చొక్కా విప్పబోయాడు.

"నాను దిగుతాను" అంది గవరమ్మ.

అతను ఆమెను అర్థం కానట్టు చూశాడు. ఆడవాళ్ళు బోటెక్కడమే లేదు వాళ్ళలో. ఆమె బోటులోకి రావడమే వింత.

"నీకేటైనా అయితే?"

"పక్కన నువ్వున్నావు గదా, పట్టుకోడానికి" అంది ఆమె. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

చిన్నప్పుడు సొంతూరి ఒడ్డున కెరటాల్లో ఆడిన ఒళ్ళు ఆమెది, నీళ్ళంటే భయం లేదు. చీర గోచీగా బిగించి, మెట్టు మెట్టూ దిగింది. మెట్లు మోశాయి. నీళ్ళు నడుం దాటాయి, మెడ దాకా వచ్చాయి. చేతులు వదిలేసి కొంచెం దూరం తేలింది. చల్లగా, ప్రశాంతంగా ఉంది. ఇలాంటి నీళ్ళలోనే తమ్ముడు పోయింది, అనుకుంది. తర్వాత తిరిగొచ్చి, ఆఖరి మెట్టు మీద కాలు పెట్టి, ఒళ్ళు పైకెత్తింది.

చీర నీళ్ళు తాగి రాయిలా అయింది. ఒళ్ళు సగం నీటి పైకి వచ్చేసరికి బరువంతా ఒక్క కాలి మీద పడింది. అప్పుడే దూరంగా ఫెర్రీ ఏదో పోయిన అల వచ్చి బోటును మెల్లగా లేపింది. మణికుమార్ చెప్పినట్టే, గొట్టం ముందుగా ఏమీ చెప్పలేదు. తూటికాడలా మడతపడింది. ఒక కొక్కెం, వెంటనే రెండోది ఊడాయి. నిచ్చెన పక్కకు తిరిగి, ఆమెను నీళ్ళలోకి వదిలేసి, తనూ మునిగిపోయింది.

నోటినిండా ఉప్పునీళ్ళతో పైకి తేలేసరికి పోలిరాజు బోటు అంచు మీద బోర్లా పడి ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"లాగు" అంది ఆమె.

లాగాడు. అతను లాగినప్పుడల్లా డోంగీ అటువైపు ఒరిగి, అంచు ఆమె మీదికి వచ్చింది. అతను వెనక్కి జరిగితే బోటు నిలబడింది, అంచు అందనంత ఎత్తుకు పోయింది. ఆమె కాళ్ళతో బోటు ఒళ్ళు తన్ని ఎగబాకబోయింది. ఫైబరు పలక, నాచు పట్టి జారుడుగా ఉంది. కాళ్ళు బోటు కిందికి కొట్టుకుపోయాయి. మళ్ళీ వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. ఒక మేకు లేదు, ఒక గాడి లేదు, బొటనవేలు ఆనించే చోటు లేదు.

తల పైకెత్తి చూస్తే అతని మొహం జానెడు దూరంలో ఉంది. మెడ నరాలు తాళ్ళలా లేచాయి. కళ్ళు ఆమెను చూడటం లేదు. ఆమె ఉన్నచోట ఇంకెవరినో చూస్తున్నాయి.

"ఇడిసిపెట్టకు" అంటున్నాడు. "ఇడిసిపెట్టకురా. ఇడిసిపెట్టకు."

గాజులు చిట్లి చర్మంలో దిగాయి. నెత్తురూ నీళ్ళూ కలిసి అతని పట్టులోకి కారాయి. అప్పుడామెకు తెలిసింది. అతని వేళ్ళు విప్పుకోవడం లేదు. ఎముక విరిగేంత గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఆ బిగువు మధ్యనుంచే తన చెయ్యి, తన బరువుకు తనే, కొద్దికొద్దిగా జారిపోతోంది. మణికట్టు పోయింది. అరచెయ్యి పోయింది. వేళ్ళు మిగిలాయి. తర్వాత అవీ లేవు.

పోలిరాజు పెట్టిన కేక జెట్టీ మీద ఉన్నవాళ్ళందరికీ వినిపించింది.

పైడిబాబు అప్పటికే నీళ్ళలోకి దూకాడు. ఆమెను జబ్బ కింద చెయ్యి వేసి ఈడ్చుకుంటూ జెట్టీ మెట్ల దగ్గరికి చేర్చాడు. ఎంత దూరమని, ఎవరైనా ఈదగలిగే దూరం. ఎవరికీ ఏమీ కాలేదు. జెట్టీ మీద నలుగురు నవ్వారు కూడా, నిచ్చెన ఏదమ్మా అని. పోలిరాజు బోటు ఒడ్డుకు తెచ్చి, మెట్ల మీద ఆమె పక్కన కూర్చోవడం చూశాక వాళ్ళు నవ్వు ఆపి, ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

అతని కుడిచెయ్యి ఇంకా అలాగే పిడికిలి పట్టి ఉంది. తెరుచుకోవడం లేదు. గవరమ్మ ఉప్పునీళ్ళు కక్కుకుని, నోరు తుడుచుకుని, ఆ పిడికిలిని చూసింది. తమ్ముణ్ణి చంపాడేమోనని ఇన్ని రోజులు తను చూసిన చెయ్యి అది. ఏడుపు రాలేదు. ఒంట్లో ఏదో చల్లగా, ఖాళీగా అయిపోయింది. ఇన్నాళ్ళూ ఆమెకు కోపమన్నా ఉండేది పట్టుకోడానికి. ఇప్పుడు అదీ లేదు.

"ఆకర్న ఏటన్నాడు ఆడు?" అని అడిగింది.

పోలిరాజు నీళ్ళ వైపు తిరిగాడు. ఆమె ఆగింది.

"అరవలేదు" అన్నాడు చివరికి. "మెల్లగా సెప్పినాడు, అన్నం తింటా సెప్పినట్టు. 'బావా, కాలు పెట్టుకోడానికి ఏటీ దొరకట్లేదు' అన్నాడు. ఎతుకరా, దొరుకుతాదన్నాను. దొరకదని నాకు తెలుసు. అయినా ఎతకమన్నాను. తాడు అందుకుందామని ఒక్క సెయ్యి తీసినాను, గవరా. ఒక్క సెయ్యే. రెండో సేత్తో గట్టిగానే పట్టుకున్నాను."

"తెలుసు" అంది ఆమె.

ఆమె కాళ్ళు ఇంకా నీళ్ళలోనే ఉన్నాయి. మెట్టు మీద ఆనిన పాదాలను చూసుకుంది. తర్వాత అతని పిడికిలి ఒళ్ళోకి తీసుకుని, వేలు తర్వాత వేలు విప్పింది. అలా విప్పుతుంటేనే అతను ఏడ్చాడు. గవరమ్మ అడ్డు చెప్పలేదు, ఓదార్చనూ లేదు.

చెన్నై ఓడ వానలు తగ్గాక వచ్చింది. సరుకు దిగిందని మణికుమార్ కబురు పెట్టిన రోజు బజారు మానేసి ఆమే ముందు బయల్దేరింది. షాపులో గొట్టం చివర్లు ఒక్కొక్కటీ వేలితో తడిమి, గోడ మందం చూసింది. మందమైనది ఏరి, రెండు దిమ్మల మీద అడ్డంగా పెట్టించింది. ముందు తను ఎక్కి నిలబడింది. "నువ్వూ రా" అని భర్తను పిలిచింది. ఇద్దరూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని ఒక్క గొట్టం మీద నిలబడ్డారు. అది కదల్లేదు.

"ఇప్పుడు గెంతు" అంది.

"బస్ దీదీ, ఏనుగు ఎక్కినా ఏమీ కాదు" అన్నాడు మణికుమార్.

"ఏనుగులు సముద్రంలో పడవు తమ్ముడూ. గెంతాల."

గెంతారు. గొట్టం ఒక్క మోత మోగి ఊరుకుంది. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. వాళ్ళకేం తెలుసు, పిచ్చివాళ్ళనుకుని ఉంటారు.

మణికుమార్ మెట్లను మామూలు స్టీలు బోల్టులతో బిగిస్తానంటే, ఉప్పునీటికి ఎలా ఉంటాయని ఆమె అడిగింది. అతను తల గోక్కుని, రెండు లోహాలు కలిసినచోట ఉప్పునీరు అల్యూమినియాన్ని తినేస్తుందని ఒప్పుకున్నాడు. వెల్డింగే చేస్తానన్నాడు. అయితే వేడి తగిలిన చోట గొట్టం కాస్త బలం తగ్గుతుంది కాబట్టి మెట్టు రెండు చివర్లా అడ్డపట్టీ కూడా వేస్తానన్నాడు. సరేనంది. తర్వాత అతను నేల మీద సుద్దతో నిచ్చెన గీసి, ఆఖరి మెట్టు దగ్గర గీత ఆపాడు.

"ఇక్కడ నీళ్ళు వస్తాయి. ఇంకో రెండు మెట్లు నీటిలోకి. చాలా?"

గవరమ్మ సుద్ద అందుకుని, ఆ గీత కిందికి వంగి, ఇంకా కిందికి లాగింది.

"ఇక్కడిదాకా ఉండాల" అంది. "సెయ్యి విరిగినోడు మోకాలు పైకెత్తలేడు. కాలు ఈ సోటే ఎతుక్కుంటాది."

మణికుమార్ సుద్దగీత పక్కన పెన్సిలుతో కొలత రాసుకున్నాడు.

కొత్త నిచ్చెన బరువుగా ఉంది. బస్సులోకి ఎక్కించనివ్వలేదు, ఆటోవాడు ముందు కుదరదన్నా, తర్వాత పైన కట్టుకుని తెచ్చాడు. పోలిరాజు మళ్ళీ వేటకెళ్ళే పొద్దున ఇద్దరూ చెరో కొస పట్టుకుని జెట్టీ మీదుగా మోశారు. డోంగీలో పైడిబాబు ఐసు సర్దుతున్నాడు. జోగులు చోటులో ఇకమీదట అతను వస్తాడు. ఇంట్లో మేకుకు వేలాడే లైఫ్ జాకెట్లు రెండూ గవరమ్మ తనే తెచ్చి బోటులో వేసింది. వెళ్ళేముందు నిచ్చెన తగిలించి చూడాలంది. తగిలించాక జెట్టీ అంచున మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో పై మెట్టును కిందికి అదిమి పట్టింది.

"సరిపోద్దా?" అని అడిగాడు పోలిరాజు.

"సరిపోద్ది" అంది. చేతులు తియ్యకుండానే, "ఆడికీ సరిపోయీది" అంది.

పోలిరాజు ఇంజిన్ తాడు చేతికి చుట్టుకున్నాడు గాని వెంటనే లాగలేదు. గవరమ్మ నిచ్చెన విప్పి లోపలికి అందించి, చీర కుచ్చెళ్ళు దులుపుకుని లేచింది. బజారుకు పొద్దెక్కిపోతోంది. అయినా ఆమె అతన్ని తొందరపెట్టలేదు. అతను తాడు లాగేదాకా, బోటు కదిలేదాకా, జెట్టీ అంచున నిలబడే ఉంది.